ఎనభయ్యో నిమిషం తరువాత

తులసీదాస్ బలరాం కోల్‌కతాలో కన్నుమూశారన్న వార్త 2023 ఫిబ్రవరిలో పత్రికలో చదివిన రోజునే ఈ జ్ఞాపకాలు రాయాలనుకున్నాను. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టి, భారత ఫుట్‌బాల్ జట్టు తరఫున రెండు ఒలింపిక్స్ ఆడిన మనిషి మరణవార్త ఆటల పేజీ అడుగున, క్రికెట్ టెస్టు ముచ్చట్ల కింద, వేలెడంత వచ్చింది. రాయలేదు. అదే ఏడాది ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ హైదరాబాదులోనే పోయారు. అప్పుడూ రాయలేదు. ఆ రెండు మరణాల మధ్య నెలల్లో మన జట్టు ఇంఫాల్‌లో, భువనేశ్వర్‌లో, బెంగళూరులో వరసగా మూడు టోర్నీలు గెలిచి, ఫిఫా ర్యాంకుల్లో తొలి వందలోకి వచ్చి కూర్చుంది. గెలుస్తున్న జట్టు ముందు కూర్చుని పాత కబుర్లు చెప్పడం ముసలితనంలా అనిపించి ఊరుకున్నాను.

2025 నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడిపోయాం. ఆ జట్టు మనల్ని ఓడించి 22 ఏళ్లయింది. ఆ రాత్రి టీవీ కట్టేశాక నిద్ర పట్టక లెక్క చూసుకుంటే, ఈ జట్టు కోసం నేను పడిన ఆరాటంలో సగానికి సగం నేను కళ్లతో చూడని మ్యాచ్‌ల మీద నిలబడి ఉందని తెలిసింది. ఆ మ్యాచ్‌లు మా నాన్నవి.

* * *

నాన్న రైల్వేలో గుమాస్తా. మేం సికింద్రాబాదులో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఎండాకాలం రాత్రుళ్లు కరెంటు పోతే వరసలో ఉన్న ఇళ్లన్నీ మంచాలు బయటికి తెచ్చి వేసుకునేవి. విసనకర్రల చప్పుడు, దూరంగా షంటింగు ఇంజను కూత, పక్కింటి వాళ్ల ట్రాన్సిస్టరు గురగుర, ఈ మూడింటి మధ్య నాన్న మ్యాచ్ చెప్పేవారు. కథ చెప్పడం కాదు, మ్యాచ్ చెప్పడమే. బంతి ఎవరి దగ్గర మొదలై ఎవరి కాలి మీదుగా ఎక్కడికి పోయిందో వరస తప్పకుండా చెప్పేవారు. ఆయన వాటిలో చాలా మ్యాచ్‌లు చూడలేదని, కొన్ని రేడియోలో విన్నవి, కొన్ని పేపర్లో చదివినవి, మరికొన్ని ఆడి వచ్చినవాళ్ల నోట ఇరానీ హోటళ్లలో పోగుచేసుకున్నవి అని నాకు చాలా ఏళ్ల తరువాత అర్థమైంది.

ఆయన చెప్పే మ్యాచ్‌లన్నిటికీ మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. నాన్న ఎప్పుడూ రహీం సాబ్ అనే అనేవారు. బడిపంతులుగా పనిచేసిన ఆ మనిషి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దితే, ఆ జట్టు 1950 నుంచి వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. ఆ చేత్తోనే ఆయన భారత జట్టునూ పట్టుకున్నాడు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్ మీద 1-0తో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ బంగారం. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా కొట్టిన మూడు గోల్స్ నాన్న మూడు రకాలుగా చెప్పేవారు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా ఆటగాడు అతడే. ఏ గోల్ ఎడమ కాలితో, ఏది తలతో అన్నది ఒక్కో రాత్రికి మారిపోయేది గాని, డిసౌజా పేరు పలికేటప్పుడు గొంతు మాత్రం మారేది కాదు.

జకార్తా ఫైనల్ ఆయనకు ప్రాణం. లక్ష మంది నిండిన స్టేడియంలో మన జాతీయ గీతానికే గేలి చేశారని, ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వకపోవడాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో ఉన్న మన గురుదత్ సోంధి తప్పుపట్టినందుకు ఆ కోపమంతా మన ఆటగాళ్ల మీద చూపించారని చెప్పి, ఆ తరువాత మొదలుపెట్టేవారు. మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0తో కొట్టిన దక్షిణ కొరియానే ఫైనల్లో ఎదురుపడింది. డిఫెన్సులో ఆడాల్సిన జర్నైల్ సింగ్, తలకు కుట్లు పడ్డందువల్ల, ఫార్వర్డుగా దిగాడు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. ‘ఆ తలతోనేనా?’ అని నేను అడగాలి, ఆయన నవ్వాలి; అది మా ఇద్దరి మధ్య ఒప్పందం. చివర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టింది. అక్కడ నాన్న ఆగేవారు. మంచం పట్టె మీద వేళ్లతో టకటక కొడుతూ, ‘ఇంకా అయిదు నిమిషాలుందిరా’ అనేవారు. ఫలితం తెలిసిన మ్యాచే అయినా, ఎన్నోసార్లు విన్నదే అయినా, ఆ అయిదు నిమిషాలూ నాకు ఊపిరాడేది కాదు.

గోల్‌లో తంగరాజ్, ముందు వరసలో బలరాం, యూసఫ్ ఖాన్. ముగ్గురూ మన జంటనగరాల వాళ్లే. పదకొండు మందిలో ముగ్గురు మన వీధులకు తెలిసిన మనుషులైనప్పుడు ‘మన జట్టు’ అన్న మాటకు వేరే బరువు ఉంటుంది. ఆ బరువు నేను ఎప్పుడూ మోయలేదు, విన్నానంతే. అప్పటికే కాన్సరుతో ఉన్న రహీం సాబ్ ఆ పతకం తెచ్చిన మరుసటి ఏడాది, 1963 జూన్‌లో పోయారు. బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై ఏడేళ్లకే ఆట మానేశాడు. ఈ రెండు సంగతులూ నాన్న ఒకే వాక్యంలో చెప్పి, పక్కకు తిరిగి పడుకునేవారు.

1950 ప్రపంచ కప్పు గురించి మాత్రం ఆయన మాట్లాడేవారు కాదు. బర్మా, ఇండొనేషియా, ఫిలిప్పీన్స్ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే బ్రెజిల్ వెళ్లే అవకాశం చేతికొచ్చినా మనవాళ్లు వెళ్లలేదు. బూట్లు లేక వెళ్లలేదని మా క్లాసులో అందరూ చెప్పుకునే కథ నేను ఇంటికి తెస్తే, ‘బూట్లు కొనలేనంత పేదవాళ్లం కాదు’ అని ఊరుకున్నారు. అప్పట్లో మన ఫుట్‌బాల్ సమాఖ్య చెప్పిన కారణాలు జట్టు ఎంపికలో తగువు, సాధనకు వ్యవధి చాలకపోవడం. ప్రపంచ కప్పు కంటే ఒలింపిక్సే గొప్ప అనుకున్న రోజులవి. ఆ తరువాత 75 ఏళ్లలో మళ్లీ ఆ గుమ్మం దాకా కూడా పోలేదు.

* * *

మా క్వార్టర్ల వెనక బొగ్గుపొడి పరిచినట్టుండే నల్లటి మైదానం ఉండేది. అక్కడ సాయంత్రం పూట ఒక పెద్దాయన మాకు ఆట నేర్పేవారు. ఒకప్పుడు రైల్వే జట్టుకు ఆడిన మనిషి. ఒక మోకాలు వంగేది కాదు, అందుకని ఎక్కడైనా కూర్చోవాలంటే ఆ కాలు ముందుకు చాపి, గోడ పట్టుకుని, ఒరిగి కూర్చునేవారు. వారానికి ఒకరోజు ఎడమ కాలితోనే ఆడాలి. కుడి కాలు తగిలితే బంతి ఎదుటి జట్టుకు. ఇంకోరోజు డ్రిబ్లింగు పూర్తిగా బందు: బంతి కాలి దగ్గరికి రాగానే వదిలెయ్యాలి, పట్టుకుని ఊగకూడదు. మాకు ఒళ్లు మండేది. పదేళ్ల పిల్లవాడికి ఫుట్‌బాల్ అంటేనే నలుగురిని తప్పించుకుపోవడం కదా. ‘సార్, ఇదేం ఆట?’ అని గునిస్తే, ‘ఇది రహీం సాబ్ ఆట. నచ్చకపోతే పోయి గోలీలాడుకో’ అనేవారు.

రహీం సాబ్ నిజంగానే హైదరాబాదులో బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు, డ్రిబ్లింగు లేని పోటీలు పెట్టించేవారని నేను తరువాత చదివాను. చిన్న చిన్న పాసులు, రెండు కాళ్లూ సమానంగా పనిచేయడం, ఖాళీ జాగాలోకి పరుగు. బలమైన జట్లతో ఆడాలంటే మన ఒళ్లు చాలదు కాబట్టి ఆలోచన చాలాలని ఆయన పట్టు. ఈ మధ్య మన జట్టు మ్యాచ్ చూస్తుంటే, ఎడమ పక్కన బంతి అందుకున్న ఆటగాడు దాన్ని కుడి కాలి మీదికి మార్చుకోవడానికి ఒక క్షణం, రెండు క్షణాలు తీసుకోవడం, ఈలోగా డిఫెండరు వచ్చి మీద పడిపోవడం కనిపించినప్పుడల్లా, ఆ నల్ల మైదానం నుంచి ‘ఎడమ! ఎడమ!’ అన్న కేక వినపడుతుంది.

ఆ మైదానం చుట్టూ ఉన్న పిల్లలకు హబీబ్, అక్బర్ అన్నదమ్ములు దేవుళ్లు. హైదరాబాదు నుంచి కలకత్తా వెళ్లి, అక్కడి పెద్ద క్లబ్బులన్నిటికీ ఆడి, ఆ ఊరి గోడల మీద పేరు రాయించుకున్నవాళ్లు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు తెచ్చిన జట్టులో హబీబ్ ఉన్నాడు, కెప్టెన్ సయ్యద్ నయీముద్దీనూ మన ఊరివాడే. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు పతకం అదే ఆఖరు. అది ఆఖరిదని అప్పుడు ఎవరికి తెలుసు? బంగారం వచ్చే చోట కంచు వచ్చిందని నాన్న ఆ ఏడాది మొహం ముడుచుకున్నారట.

* * *

నేను సొంతంగా చూసిన మొదటి ఆశ 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల్లో. మా వరసలో ఒక్క ఇంట్లోనే టీవీ. చెక్కపెట్టె తలుపులు పక్కకు జరిపితే తెర కనిపించేది. ఆ ఇంటి అత్తయ్యగారు అందరినీ చెప్పులు బయట విప్పించి, చిన్నవాళ్లను నేల మీద, పెద్దవాళ్లను కుర్చీల్లో, నాన్నను మాత్రం ‘అన్నయ్యా, మీరు దగ్గరగా రండి’ అంటూ ముందు కూర్చోబెట్టారు. క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా. మనవాళ్లు నిలబడ్డారు, పరుగెత్తారు, మ్యాచ్ ముగియబోతుండగా ఒక గోల్ ఇచ్చేశారు. నాన్న లేచి, పంచె సర్దుకుని, ‘డెబ్బై నిమిషాల కాళ్లు’ అన్నారు.

ఆ మాట అర్థం చేసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. బయటి దేశాల్లో ఆట 90 నిమిషాలు సాగుతుంటే, మన దేశంలో పోటీలు చాలాకాలం అంతకంటే తక్కువ సమయమే, 70 నిమిషాలు, జరిగేవి. అలవాటైన కాళ్లు అక్కడితో ఆగిపోతాయని, ఆ తరువాత ఆడేది మనిషి కాదు, భయమని నాన్న వాదం. నియమాలు మారి ఎన్ని దశాబ్దాలైనా ఆ అలవాటు మన జట్టును వదలలేదన్నది నా వాదం. మిగతా అభిమానులు మ్యాచ్ మొదట్లో కంగారు పడతారు. గడియారం ఎనభై దాటితేనే నా కంగారు మొదలవుతుంది.

1984లో కలకత్తాలో నెహ్రూ కప్పుకు అర్జెంటీనా వచ్చింది. కోచ్ బిలార్డో, రెండేళ్ల తరువాత అదే కోచ్ మెక్సికోలో ప్రపంచ కప్పు గెలిపించాడు. మనం 0-1తో ఓడాం, గోల్ కొట్టినవాడు గరేకా. ఒక్క గోల్ తేడాతో ఓడిపోవడం మా ఇంట్లో దాదాపు విజయోత్సవం. ‘ఈ లెక్కన ఇంకో పదేళ్లలో…’ అని నాన్న మొదలుపెట్టారు. ఆ వాక్యం ఆయన ఎప్పుడూ పూర్తి చేయలేదు. ఆ ఏడాదే ఆసియా కప్పుకు అర్హత సాధించాం కూడా. మళ్లీ ఆ కప్పు ఆడడానికి 27 ఏళ్లు పడుతుందని ఎవరైనా అని ఉంటే అత్తయ్యగారి ఇంట్లో కొట్లాట అయ్యేది.

తొంభైల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఉద్యోగం, బదిలీలు, పెళ్లి. క్రికెట్ దేశాన్ని మొత్తంగా ఆక్రమించిన కాలం. మన జట్టు ఎక్కడో ఆడిందని, ఓడిందని, రెండు రోజుల తరువాత ఎవరి చేతిలోనో ఉన్న ఇంగ్లిషు పేపర్లో ఒక లైను. ఫార్వర్డు బైచుంగ్ భూటియా పేరు ఒక్కటే వెలుగు. 2001లో ప్రపంచ కప్పు క్వాలిఫయింగులో బెంగళూరులో యూఏఈని 1-0తో ఓడించామని ఆఫీసులో విని కుర్చీలోంచి లేచాను. యెమెన్‌తో రెండు డ్రాలు. గ్రూపు ముగిసేసరికి యూఏఈకి 12 పాయింట్లు, మనకు 11. ఒక్క పాయింటు. నాన్నకు ఫోను చేసి చెప్తే కాసేపు ఏమీ మాట్లాడక, ‘ఏ మ్యాచ్‌లో పోయింది?’ అని అడిగారు. యెమెన్‌తో 3-3 అని చెప్పాను. ‘మూడు కొట్టి మూడు ఇచ్చారా?’ అని ఫోను పెట్టేశారు.

* * *

2008 వానాకాలం మాత్రం నాది. నాన్న అప్పటికి లేరు. ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) చాలెంజ్ కప్పు మన ఊళ్లో. గెలిస్తే 2011 ఆసియా కప్పుకు నేరుగా టికెట్. లాల్ బహదూర్ స్టేడియంలో భారత జట్టును, రేడియోలో కాదు, టీవీలో కాదు, కాళ్ల చప్పుడు వినపడేంత దగ్గరగా చూడబోతున్నాను. అఫ్గానిస్తాన్‌తో మొదటి మ్యాచ్‌కు ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను. ఆగి ఆగి వాన. జనం పలుచగా, గొడుగుల కింద గుంపులు గుంపులుగా ఉన్నారు. బంతి గడ్డి మీద పోయినంతసేపు పోయి, నీళ్లు నిలిచిన చోటికి రాగానే ఠక్కున ఆగిపోయేది. దాని వెనక వచ్చినవాడు దాన్ని దాటి ముందుకు జారిపోయి, వెనక్కి తిరిగి వెతుక్కునేవాడు. భూటియా ఒకసారి నడుముల మీద చేతులు పెట్టుకుని ఆ నీటి మడుగును చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. మాటలేవీ అక్కర్లేని చూపు.

ఎనభై అయింది. 0-0. నా పక్కన ఒక పెద్దాయన, నెత్తి మీద ప్లాస్టిక్ సంచి కట్టుకుని, పాతబస్తీ ఉర్దూలో ఎవరినీ ఉద్దేశించకుండా తిడుతున్నాడు. తిట్టే ప్రతి వాక్యం చివరా రహీం సాబ్ పేరు వస్తోంది. తొంభై అయింది. సగం మంది లేచి మెట్లు దిగుతున్నారు. ఇంజురీ టైములో క్లైమాక్స్ లారెన్స్ గోల్ కొట్టాడు. ఆ పేరున్నవాడే కొట్టడం సినిమాలో పెడితే ఎవరూ నమ్మరు. మెట్లు దిగుతున్నవాళ్లు వెనక్కి పరుగెత్తుకొచ్చారు. పెద్దాయన నన్ను కావలించుకుంటే ఆ ప్లాస్టిక్ సంచిలోని నీళ్లన్నీ నా చొక్కా మీద పడ్డాయి. జీవితంలో మొదటిసారి ఎనభయ్యో నిమిషం తరువాతి గోల్ మనది.

సెమీఫైనల్లో మయన్మార్ మీద సునీల్ ఛెత్రీ గోల్‌తో 1-0. ఇక ఫైనల్. వాన వదలలేదు, మైదానం ఆటకు పనికిరాకుండా పోయింది, ఫైనల్‌ను ఢిల్లీకి తరలించారు. అంబేడ్కర్ స్టేడియంలో తజకిస్తాన్‌ను 4-1తో ఓడించారు. ఛెత్రీ మూడు, భూటియా ఒకటి. ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూశాను. సంతోషానికి లోటు లేదు, కాని చిన్నప్పటి నుంచి ఒక కప్పు మన ఊళ్లో ఎత్తడం చూడాలన్న కోరిక, గుమ్మం దాకా వచ్చి రైలెక్కి వెళ్లిపోయింది. మైదానంలో నీళ్లు పోయే దారి సరిగా ఉంటే ఆగేదేమో. వాన మీద కోపం తెచ్చుకోలేం గదా, అందుకని కాలువల మీద తెచ్చుకున్నాను.

* * *

ఆ విజయంతో వెళ్లిన 2011 దోహా ఆసియా కప్పులో ఆస్ట్రేలియా 4-0, బహ్రెయిన్ 5-2, కొరియా 4-1. సుబ్రతా పాల్ గోల్‌లో అన్ని పక్కలకూ దూకకపోతే ఈ అంకెలు ఇంకా పెద్దవయ్యేవి. 2015లో గువామ్ చేతిలో 1-2. గువామ్ ఎక్కడుందో అట్లాసులో వెతికి మరీ బాధపడ్డాను.

మా అమ్మాయి ఆటలోకి వచ్చింది ఈ కాలంలోనే. ఆమెకు నాన్న కథలు తెలియవు, చెప్పినా ‘అప్పుడు అందరూ బూట్లు లేకుండా ఆడేవాళ్లు కదా’ అని తేల్చేస్తుంది. ఆమె ఆశ సున్నా దగ్గర మొదలవుతుంది, అందుకే మా ఇద్దరికీ ఒకే మ్యాచ్ రెండు మ్యాచ్‌లు. 2019 ఆసియా కప్పులో థాయిలాండ్‌ను 4-1తో కొట్టినప్పుడు ఆమె గంతులేసింది, నేను పాత లెక్కలు తీశాను. చివరి గ్రూపు మ్యాచ్‌లో షార్జాలో బహ్రెయిన్‌తో డ్రా అయితే చాలు, ముందుకు వెళ్తాం. తొంభై దాకా 0-0. ‘నాన్నా, అయిపోయినట్టే’ అంది. ‘కాలేదమ్మా’ అన్నాను. ఇంజురీ టైములో పెనాల్టీ. ఆమె నా వైపు చూసిన చూపులో, నేను ముందే తెలిసి దాచిపెట్టానన్న నిందలాంటిది ఉంది.

అదే ఏడాది సెప్టెంబరులో దోహాలో ఖతార్‌తో 0-0. అప్పటికి వాళ్లు ఆసియా చాంపియన్లు. జ్వరంతో ఛెత్రీ లేడు. గుర్‌ప్రీత్ సింగ్ సంధూ కెప్టెన్సీ పట్టీ కట్టుకుని, బంతి ఎటు వస్తే అటు ఒళ్లు అడ్డం వేశాడు. చివరి పది నిమిషాలు మేమిద్దరం సోఫాలో కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడి చూశాం. ఆ రాత్రి మొదటిసారి మా ఇద్దరి మ్యాచూ ఒకటే అయింది. గెలవలేదు, గోల్ కొట్టలేదు, కాని ఓడకుండా తొంభై నిమిషాలు నిలబడడంలో ఒక గౌరవం ఉంటుందని నాకు చెప్పింది ఆమే. బంగారు పతకాల కథలతో పెరిగిన నాకు అది తోచేది కాదు.

* * *

2024 సంవత్సరం గురించి త్వరగా ముగిస్తాను. జనవరిలో ఆసియా కప్పులో మూడు మ్యాచ్‌లు, ఒక్క గోల్ లేదు. మార్చిలో గువాహటిలో అఫ్గానిస్తాన్ చేతిలో, 88వ నిమిషం పెనాల్టీతో, 1-2. అది ఛెత్రీకి 150వ మ్యాచ్. జూన్‌లో కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో కువైట్‌తో 0-0తో అతడు వీడ్కోలు తీసుకున్నాడు. అయిదు రోజులకు దోహాలో, ఖతార్ మీద ఛాంగ్తే గోల్‌తో ముందంజలో ఉండగా, గీత దాటి బయటికి పోయిన బంతిని వెనక్కి లాగి వాళ్లు గోల్ కొట్టారు. రెఫరీ ఇచ్చేశాడు. వీడియో చూసే ఏర్పాటు ఆ దశ మ్యాచ్‌లకు లేదు. 85వ నిమిషంలో రెండోది. ప్రపంచ కప్పు క్వాలిఫయింగు మూడో దశకు మొట్టమొదటిసారి వెళ్లే అవకాశం అలా పోయింది. అన్యాయం జరిగిందని దేశమంతా గొడవ చేసింది, నిజంగానే జరిగింది. అయితే గువాహటిలో గెలిచి ఉంటే ఆ గీత మీద మన బతుకు ఆధారపడేది కాదని నేను అంటే మా అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు.

సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు ఆడడానికి జట్టు మళ్లీ మన ఊరొచ్చింది. గచ్చిబౌలిలో, బాలయోగి స్టేడియంలో. కొత్త కోచ్ మనోలో మార్కెజ్. 2022లో మన ఊరి క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీని ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతగా నిలిపినవాడు, కాబట్టి మన ఊరి వాడికిందే లెక్క. పదహారేళ్ల తరువాత మళ్లీ జట్టును కళ్లారా చూస్తున్నాను. లాల్ బహదూర్ స్టేడియంలో ఆటగాళ్ల కేకలు వినపడేవి. ఇక్కడ పరుగుదారి అవతల ఎక్కడో దూరంగా బొమ్మల్లా కనిపిస్తున్నారు, ఆ చప్పుళ్లన్నీ మైకు పాటల్లో మునిగిపోయాయి. ర్యాంకుల్లో 179వ స్థానంలో ఉన్న మారిషస్‌తో 0-0. బంతి మన దగ్గరే ఉంది, అటు ఇటు తిరుగుతోంది, పెనాల్టీ బాక్సు అంచు దాకా వచ్చి ఎవరికివ్వాలో తెలియక వెనక్కి పోతోంది. అక్కడ నిలబడి తన్నేవాడు లేడు. క్లబ్బుల్లో ఆ జాగాలో పదేళ్లుగా విదేశీయులే ఆడుతుంటే మనవాడికి ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది? తరువాతి మ్యాచ్‌లో సిరియా 3-0తో కప్పు ఎత్తుకుపోయింది. మన ఊళ్లో ఒక కప్పు ఎత్తడం చూడాలన్న కోరిక అలా తీరింది, ఎత్తినవాళ్లు వేరైనా.

నవంబరులో మలేషియాతో అదే మైదానంలో 1-1. ఆ ఏడాది మొత్తంలో జట్టు ఒక్క మ్యాచ్ గెలవలేదు. మరుసటి ఏడాది ఆ హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా ఢిల్లీకి తరలిపోయింది. మన ఊరి ఆట ఢిల్లీ బండి ఎక్కడం కొత్త కాదు కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు.

* * *

2025 మార్చిలో షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0తో, పదహారు నెలల తరువాత గెలిచాం. గోల్స్ కొట్టిన వాళ్లలో ఒకడు సునీల్ ఛెత్రీ. నలభై ఏళ్ల మనిషిని విరమణ నుంచి వెనక్కి పిలిపించుకున్నారు. అతడు తలతో కొట్టిన ఆ గోల్‌కు నేను చప్పట్లు కొట్టాను, కొడుతూనే సిగ్గుపడ్డాను. 2018లో ముంబైలో ఖాళీ స్టేడియంలో ఆడాక, తిట్టడానికైనా సరే మైదానానికి రమ్మని జనాన్ని బతిమాలింది ఇతడే. ఆ తరువాతి మ్యాచ్‌కు స్టేడియం నిండింది. జనాన్ని పిలవడమూ అతడే, గోల్ కొట్టడమూ అతడే, వారసుడు దొరక్క వెనక్కి రావడమూ అతడే.

జూన్‌లో హాంకాంగ్‌లో ఇంజురీ టైము పెనాల్టీతో 0-1. మనోలో వెళ్లిపోయాడు, ఖాలిద్ జమీల్ వచ్చాడు. అక్టోబరులో సింగపూరులో ఓడిపోతున్న మ్యాచ్‌ను 90వ నిమిషంలో గోల్ కొట్టి డ్రా చేసినవాడి పేరు రహీం అలీ. ఆ పేరు వినగానే నేను లేచి నిలబడిపోయాను, మా అమ్మాయికి ఎందుకో అర్థం కాలేదు. అయిదు రోజులకు గోవాలో అదే సింగపూరు 2-1తో ఓడించి, 2027 ఆసియా కప్పు దారి మూసేసింది. ఇక ఢాకా మ్యాచ్ సంగతి మొదట్లోనే చెప్పాను. ఈలోగా ఐఎస్ఎల్ సీజన్ ఎప్పుడు మొదలవుతుందో తేలక ఆటగాళ్లే సామాజిక మాధ్యమాల్లో సమాఖ్యకు విన్నపాలు పెట్టుకున్నారు.

ఢాకాలో ఓడిన నాటికి ఆ ఆసియా కప్పు అర్హత గ్రూపులో హాంకాంగ్‌తో ఇంకొక మ్యాచ్ మిగిలి ఉంది. మన అర్హతతో దానికి సంబంధం లేకపోయింది. ఆస్ట్రేలియాలో పుట్టి పెరిగి, ఆ పాస్‌పోర్టు వదులుకుని భారత పౌరసత్వం తీసుకున్న రయాన్ విలియమ్స్ ఆ మ్యాచ్‌లో ఆడవచ్చని అప్పుడు అన్నారు. ఇలాంటివాళ్లను తెచ్చుకుంటే మన పిల్లలకు జాగా ఎక్కడుంటుందని మా అమ్మాయి వాదన. ముందు బాక్సులో తన్నేవాడు ఒకడు దొరికితే, వాణ్ణి చూసి పిల్లలు నేర్చుకుంటారని నా వాదన. తేలలేదు. ‘అయినా ఏమీ మారని మ్యాచ్ ఎందుకు చూస్తావు నాన్నా?’ అని అడిగింది. అతడి ఎడమ కాలు ఎలా ఉంటుందో చూడాలని చెప్పాను.